చదివాను, అర్థమైంది

జువాంగ్ జిన్-షుయి గారికి ఒకటే పిచ్చి. ఆయన కళ్ళ ముందు ఎవరికి ఏ ఆలోచన వచ్చినా దాన్ని కాగితం మీద పెట్టి, తేదీ వేసి, పక్కనున్న వాళ్ళ చేత "చదివాను, అర్థమైంది" అని రాయించి, దాని కింద వాళ్ళ పేరు ముద్ర కొట్టించాలి. అంతవరకూ ఆయనకు ముద్ద దిగదు. ఆ ఆలోచన గొప్పదా చెత్తదా అన్న పట్టింపు లేదు. గొడుగులోంచి కారే నీళ్ళు పాత పాలడబ్బాలో పట్టాలన్నా ముద్రే, మోడెమ్ లోపల తీగల దారి మార్చాలన్నా ముద్రే.

ఆయన ఎదురు బల్ల దగ్గర నేను పదకొండేళ్ళు కూర్చున్నాను. నా పేరు డెంగ్ షు-లాన్. తైపేకి ఏటి అవతల, సాన్‌చోంగ్‌లో ఫాంగ్ గారి మోడెమ్‌ల కార్ఖానాలో ఆయన ఇంజనీరు, ఇంగ్లిషు ఉత్తరాలు రాయడం నా ఉద్యోగం. కార్ఖానా అనగానే పెద్దగా ఊహించుకోకండి. ఇరుకు సందులో నాలుగంతస్తుల ఇల్లు, అందులో రెండో అంతస్తూ మూడో అంతస్తూ మావి, మొత్తం ముప్పై ఒక్క మందిమి. కింద ఆకిమ్ పిన్ని భోజనం డబ్బాల కొట్టు. పదకొండయ్యేసరికి పంది మాంసం వేపుడు వాసన మెట్లెక్కి వచ్చి మా టంకం పొగలో కలిసిపోయేది. మోడెమ్‌లు తినగలిగితే అవి కూడా ఆకలేసి అరిచేవి.

జువాంగ్ గారి చొక్కా జేబులో ఎప్పుడూ ఎర్రసిరా డబ్బా ఉండేది. దాని మూత సరిగ్గా పట్టేది కాదు. ఆయన భార్య ఒకసారి ఆఫీసుకొచ్చి నాతో మొరపెట్టుకుంది.

"అమ్మాయ్, మీ మోడెమ్‌లు ఏమైనా చేసుకోండి గానీ ఈ మనిషికి ఒక మంచి సిరాడబ్బా కొనిపెట్టండి. చొక్కాలు ఆరేస్తుంటే పక్కింటావిడ 'మీ ఆయన్ని ఎవరైనా పొడిచారా' అని అడుగుతోంది."

జువాంగ్ గారు తలెత్తకుండా అడిగారు: "మంచి సిరాడబ్బా కొనాలన్న ఆలోచన నీదేనా? నీ ముద్ర తెచ్చావా?"

మా దగ్గర ముద్ర లేని మనిషి ఉండడు. రిజిస్టరు ఉత్తరం పుచ్చుకోవాలన్నా, బ్యాంకులో పని జరగాలన్నా అదే కావాలి. అందుకని తప్పించుకునే దారి కూడా ఉండేది కాదు. ఒకసారి ఆయన పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళారు. నోరు బార్లా తెరిచి పడుకుని కూడా చేత్తో సైగ చేసి, ఆ కుర్చీ వాలు మార్చాలన్న ఆలోచన డాక్టరు చేతనే రాయించి ముద్ర కొట్టించుకొచ్చారు. ఆ డాక్టరు మా బాస్‌కి ఫోన్ చేసి, "మీ మనిషికి పన్ను తీశాను, ఇంకేమైనా తీయించాలంటే చెప్పండి" అన్నాడట.

బాస్ ఫాంగ్ గారి ముద్ర సంగతి వేరు. ఆయన జన్మలో ఏ కాగితమూ చదివి ముద్ర వేసినవాడు కాడు. జువాంగ్ గారు నోటుబుక్కు పట్టుకుని ఎదురొస్తే చాలు, "ఎక్కడ? ఇక్కడా?" అని ఠప్పున కొట్టేసి వెళ్ళిపోయేవాడు. చదివాను, అర్థమైంది. జువాంగ్ గారు నింపిన నాలుగు నోటుబుక్కుల్లో బాస్ చదవనివీ అర్థం కానివీ వందల్లో ఉన్నాయి.

మేం మాత్రం చదివామా? కిందనున్న ఖాళీలో ముద్ర కొట్టి బయటపడటమే మా పని. పైన ఏం రాశారో ఎవరు చూశారు? ఈ జువాంగ్ అందరి ఆలోచనలూ తన పేరున రాసుకుని ఎప్పుడో పేటెంట్లు తీస్తాడనీ, తీసి కోటీశ్వరుడై మనల్ని గుర్తు కూడా పట్టడనీ మా నమ్మకం. నేనైతే అందరికంటే గట్టిగా నమ్మాను. ఎందుకు నమ్మానో చెప్తాను.

మా మోడెమ్ వెనక రెండు రంధ్రాలుండేవి, ఒకటి గోడ తీగకు, ఒకటి ఫోన్ తీగకు. రెండూ ఒకేలా ఉండటంతో కొన్నవాళ్ళు తారుమారుగా గుచ్చేవాళ్ళు, "మీ డబ్బా చచ్చింది" అని తిప్పి పంపేవాళ్ళు. ఆ తిట్ల ఉత్తరాలు చదివేది నేనే కదా. ఒకరోజు విసుగొచ్చి ఒక రంధ్రం చుట్టూ ఎర్రదారం, ఇంకోదాని చుట్టూ పచ్చదారం అంటించి, తీగలకీ అవే రంగులు చుట్టాను. తిప్పిపంపడాలు ఆగిపోయాయి. ఆ ఏడాది చివరి విందులో బాస్ లేచి, గ్లాసెత్తి, "ఎర్రదారం పచ్చదారం అనే ఉపాయం నాకు స్నానం చేస్తుండగా తట్టింది!" అని చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు కోడిముక్క గొంతులో అడ్డం పడింది.

అప్పుడు జువాంగ్ గారు జేబులోంచి సిరాడబ్బా తీశారు. "బాస్, ఆ స్నానం ఏ తేదీన చేశారు?" అని అడిగారు. హాలంతా పగలబడి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నా ఉపాయాన్ని కూడా తన పేరున రాసుకోవడానికి తేదీ అడుగుతున్నాడు, చూడు ఈయన నిర్వాకం, అనుకుని మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆ మౌనం సంగతి కూడా ఎవరి చేతనో రాయించి ముద్ర కొట్టించుకున్నారని తర్వాత తెలిసింది.

ఇక వాన మెట్టు కథకు వస్తాను. మా కార్ఖానాని ముంచబోయింది అదే, ఒడ్డుకు చేర్చిందీ అదే.

మోడెమ్ అంటే ఈ పక్క కంప్యూటరు మాటను కూతగా మార్చి ఫోన్ తీగలోకి వదిలి, ఆ పక్క కూతను మళ్ళీ మాటగా మార్చే డబ్బా. ఎండాకాలంలో బాగానే కూసేది. వాన పడి తీగలు తడిస్తే గరగరమని శబ్దం చేరేది. మోడెమ్ బెదిరిపోయి పిలుపు తెంపేసేది. మా ఊళ్ళో వాన పడని వారం ఉండదు కాబట్టి మా డబ్బాలకు బెదరని వారమూ ఉండేది కాదు. జువాంగ్ గారు రెండు నెలలు తల బద్దలు కొట్టుకున్నారు.

ఒక మధ్యాహ్నం జోరువానలో మేమిద్దరం భోజనం డబ్బాల కోసం కిందకి దిగాం. ఆకిమ్ పిన్ని ఫోన్లో ఆర్డరు తీసుకుంటోంది. పిన్ని మాట మామూలుగా పేలాలు వేగినట్టుంటుంది. ఫోన్ గరగరమనగానే ఆవిడ తెంపలేదు, అరవలేదు. మాట నెమ్మది చేసింది.

"ప... న్నెం... డు... డబ్బాలు... గుడ్డు... వద్దా... కావాలా?" గరగర తగ్గగానే మళ్ళీ వేగం అందుకుంది: "సరే సరే పన్నెండు గుడ్లు ఆవకూర పచ్చడి ఎక్కువ పావుగంటలో పంపిస్తా డబ్బులు చిల్లర ఇవ్వండి!"

జువాంగ్ గారు బొమ్మలా నిలబడిపోయారు.

"అక్కా, ఫోన్ పెట్టేసి మళ్ళీ చేయమనచ్చుగా?"

"పెట్టేస్తే వాళ్ళు ఎదురు కొట్టుకి చేస్తారు తమ్ముడూ. అందుకే వదలను. గోల ఉన్నంతసేపు మెల్లిగా, గోల తగ్గాక గబగబా. ఇందులో వింతేముంది?"

"మీ ముద్ర ఎక్కడుంది?"

"గల్లాపెట్టెలో. దేనికి? మళ్ళీ మొదలెట్టావా?"

ఆ సాయంత్రానికే ఆయన మోడెమ్‌కి ఆ విద్య నేర్పడం మొదలుపెట్టారు. గరగర వస్తే పిలుపు తెంపకుండా ఒక మెట్టు దిగడం, తగ్గితే ఒక మెట్టు ఎక్కడం. దానికి వాన మెట్టు అని పేరు పెట్టారు. తుఫానులో కూడా మా డబ్బాలు మూలుగుతూనే పనిచేశాయి. బాస్ ఆనందం పట్టలేక పరీక్ష బల్లకు దండం పెట్టాడు.

ఆ ఆనందం ఆదివారం దాకానే. ఆదివారం నాడు జువాంగ్ గారు సొంత ఖర్చుతో రెండు వందల కరపత్రాలు అచ్చేయించి, వాన మెట్టు గుట్టంతా బొమ్మలతో సహా అందులో పెట్టి, ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే గ్వాంగ్‌హువా బజారులో వంతెన కింద నిలబడి ఊరికే పంచిపెట్టారు. పూర్తిగా ఊరికే కాదు. పుచ్చుకున్న ప్రతివాడూ పొడవాటి కాగితం మీద సొంత చేత్తో "చదివాను, అర్థమైంది" అని రాసి, తేదీ వేసి, ముద్ర కొట్టాలి. కొట్టనివాడికి కాగితం లేదు.

సోమవారం బాస్ మెట్లెక్కుతూనే కేకలు. "ఏమయ్యా జువాంగ్! మన గుట్టు బజార్లో పంచిపెట్టావా? నీకేమన్నా మతి పోయిందా?"

"బాస్, మన మోడెమ్ ఒక్కటీ వానలో నెమ్మదిగా మాట్లాడితే ఏం లాభం? అవతల ఉన్నది ఇంకొకడు చేసిన డబ్బా. దానికీ ఈ పద్ధతి తెలిస్తేనే కదా జవాబు చెప్పేది? అందరిదీ ఒకటే పద్ధతి అయితే మన డబ్బా ఎవరితోనైనా మాట్లాడుతుంది. నేను జెనీవాకి కూడా ఒక కాపీ పంపాను. ప్రపంచంలోని టెలిఫోను వాళ్ళంతా కూర్చుని అందరికీ ఒకే ప్రమాణం రాసేది అక్కడే."

"జెనీవాకి కూడానా!" బాస్ కుర్చీలో కూలబడ్డాడు. వారం రోజులు ఆయన జువాంగ్ గారి ముఖం చూడలేదు. ఆ తర్వాత పొరుగు కార్ఖానాల వాళ్ళూ వాన మెట్టు పెట్టారు. మా డబ్బాలూ వాళ్ళ డబ్బాలూ కబుర్లు చెప్పుకోవడం మొదలైంది. వానాకాలంలో కూడా ఆర్డర్లు వస్తుంటే బాస్ కోపం దానంతటదే చల్లారింది.

ఆరేళ్ళు గడిచాయి. ఒకరోజు అమెరికా నుంచి దళసరి కవరు వచ్చింది. చదివేది నేనే కాబట్టి ముందు చెమటలు పట్టిందీ నాకే. ఒక పెద్ద కంపెనీ, గరగరలో వేగం తగ్గించి మళ్ళీ పెంచే పద్ధతి తమదనీ, దానికి తమకు పేటెంటు ఉందనీ, తాము అడిగినంత కట్టాలనీ, లేదా ఆ డబ్బాలు చేయడం మానుకోవాలనీ రాసింది. వాళ్ళడిగింది కడితే మాకు డబ్బాకి మిగిలేదేమీ లేదు. మానేస్తే కార్ఖానా లేదు. సాన్‌చోంగ్‌లో మాతో కలిపి ఇలాంటివి పదమూడు ఉన్నాయి. అందరిలోకీ చిన్నవాళ్ళం గనక ముందు మమ్మల్ని పట్టుకున్నారు. మేం సంతకం పెడితే మిగతా పన్నెండు మందీ పెట్టాల్సిందే.

మాట్లాడటానికి వాళ్ళ లాయరే వస్తున్నాడని కబురొచ్చింది. బాస్ నన్ను పిలిచాడు. "షు-లాన్, నువ్వే మధ్యలో ఉండి మాట్లాడాలి. వాడు అరిచినా నువ్వు తియ్యగా చెప్పు. మూడు నెలలు గడువు బతిమాలు."

"జువాంగ్ గారిని కూడా కూర్చోబెడదామా?"

"కూర్చోబెట్టు. కానీ ఆ సిరాడబ్బా లాగేసుకో."

లాయరు పేరు విట్‌కోమ్. విమానం దిగి తిన్నగా వచ్చాడు, కళ్ళు రెండూ మూతలు పడుతున్నాయి. వాళ్ళ కంపెనీకి తైపేలో పనులు చూసే గు గారు కారు ఎక్కడ నిలపాలా అని మా సందుల్లో తిరుగుతున్నాడు. సాన్‌చోంగ్‌లో కారు నిలపడం తెలిసినవాళ్ళు గంట ముందే బయల్దేరతారు. అందుకని ఆయన లేకుండానే మొదలైంది.

విట్‌కోమ్ చెప్పాల్సిందంతా చెప్పాడు. తాము పేటెంటుకు అర్జీ పెట్టింది పంతొమ్మిది వందల ఎనభై ఏడు డిసెంబరులో అన్నాడు. జువాంగ్ గారు కరపత్రం తీసి ఆయన ముందు పెట్టారు. అందులో బొమ్మలు చూస్తూ విట్‌కోమ్ నిటారుగా కూర్చున్నాడు. మూల మీద తేదీ చూశాడు: 75, 9, 14. అర్జీకి ముందే అచ్చయి బయటపడ్డ ఆలోచనకు పేటెంటు నిలవదని ఆయనకు తెలుసు.

"డెబ్బై అయిదా? మా అర్జీకి పన్నెండేళ్ళ ముందే ఇది అచ్చయిందా?" అంటూ కాగితాలు సంచిలో సర్దుకోవడం మొదలుపెట్టాడు.

మా ఏళ్ళ లెక్క వేరు. రిపబ్లిక్ వచ్చిన ఏడాది, అంటే పంతొమ్మిది వందల పన్నెండు, మాకు ఒకటి. ఆ కాగితం మీది డెబ్బై అయిదు బయటి లెక్కలో ఎనభై ఆరు. ఆ మాట నా నాలుక చివర దాకా వచ్చింది. నేను అబద్ధమేమీ చెప్పలేదు. నోరు మూసుకున్నాను, అంతే.

"ఏమంటున్నాడు అమ్మాయ్?" అన్నారు జువాంగ్ గారు.

"వెళ్ళిపోతానంటున్నాడు."

"ఎందుకు?"

ఆయన ముఖం చూస్తూ అబద్ధమాడటం నా వల్ల కాలేదు. చెప్పేశాను. జువాంగ్ గారు ఎవరో చెంపదెబ్బ కొట్టినట్టు అదిరిపడ్డారు. "తేదీ తప్పు చదివాడా? అయ్యయ్యో! చెప్పు, ఎనభై ఆరని చెప్పు!"

బల్ల కింద బాస్ ఆయన్ని తన్నాడు. ఆ తాపు నాకు తగిలింది. "నోరు మూసుకో జువాంగ్! వెళ్ళేవాణ్ణి వెళ్ళనీ! ముప్పై కుటుంబాలయ్యా!"

"బాస్, ఈ తేదీ అబద్ధమైతే దీని తాలూకు ముద్రలన్నీ అబద్ధమే. పైనున్న పేరూ అబద్ధమే. ఇన్నేళ్ళూ నేను కొట్టించిందంతా దేనికి మరి?" చెప్పమన్నట్టు కరపత్రాన్ని నా వైపు తోశారు.

చెప్పాను. విట్‌కోమ్ సంచి మళ్ళీ కింద పెట్టాడు. బాస్ కళ్ళు మూసుకున్నాడు. నేను మనసులోనే వేరే ఉద్యోగానికి అర్జీ రాసుకోవడం మొదలుపెట్టాను.

"ఎనభై ఆరు అయినా మా అర్జీకంటే పదిహేను నెలలు ముందే," అన్నాడు విట్‌కోమ్. "నిజమైతే మాకు చిక్కే. కానీ ఇది పోయిన వారం అచ్చేసింది కాదని ఎవరు చెప్పాలి?"

జువాంగ్ గారు పొడవాటి కాగితం చుట్ట విప్పారు. బల్ల మీంచి జారి నేల మీద పరుచుకుంది. నూట ఎనభై ఆరు ఎర్ర ముద్రలు.

"ముద్రలు మీ వీధి చివర చెక్కి ఇస్తారని నాకు తెలుసు. వీళ్ళంతా మీ స్నేహితులే అయ్యుంటారు. మీ స్నేహితుడు కాని వాణ్ణి ఒక్కణ్ణి చూపించండి," అన్నాడు విట్‌కోమ్.

సరిగ్గా అప్పుడే గు గారు చెమటలు కక్కుతూ మెట్లెక్కి వచ్చాడు. "క్షమించండి, మూడు వీధుల అవతల దొరికింది చోటు," అంటూ కూర్చోబోయాడు. ఆయన ఒక్క పావుగంట ముందొచ్చుంటే మేం నోరు మూసుకున్న సంగతి బయటపడి దొంగలమని తేలేవాళ్ళం.

జువాంగ్ గారు ఆయన వైపు తేరిపార చూశారు. "మిమ్మల్ని ఎక్కడో చూశాను. వంతెన కింద. మీరు కాగితం అడిగారు, ముద్ర లేనిదే ఇవ్వనన్నాను. నన్ను తిట్టారు." మోకాళ్ళ మీద వంగి కాగితం వెంట వెతుక్కుంటూ వెళ్ళి, తలుపు దగ్గర వేలు పెట్టారు. "ఇదిగో. గు వెన్-పిన్. నూట పన్నెండు."

విట్‌కోమ్ గు గారి వైపు తిరిగాడు. గు గారు వంగి చూశాడు. జేబులోంచి తన ముద్ర తీశాడు. దాని అంచు ఒకచోట విరిగి ఉంది. కాగితం మీది ముద్ర అంచూ అక్కడే విరిగి ఉంది.

"ఈ చేతిరాత నీదేనా?"

"నాదే సార్."

"చదివాను అని రాశావు. చదివావా?"

"లేదు సార్. వాన మొదలైంది, ఈయన వదలడు, కొట్టేసి పోయాను."

"అర్థమైంది అని కూడా రాశావు."

గు గారు బల్ల మీది కరపత్రం తీసుకుని పైనుంచి కిందదాకా నెమ్మదిగా చదివాడు. "ఇప్పుడు అర్థమైంది సార్," అన్నాడు.

విట్‌కోమ్ నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ళు తుడుచుకుని, "ఈ కరపత్రం పైన మొదటి వరుసలో ఏముంది?" అని నన్ను అడిగాడు. అక్కడ జువాంగ్ జిన్-షుయి అనే పేరుంటుందని అనుకుంటూ, ఆరేళ్ళలో మొదటిసారి ఆ వరుస చదివాను.

"ఆలోచన: షు ఆకిమ్, భోజనం డబ్బాల కొట్టు. అందరూ వాడుకోవచ్చు. ఎవరూ తమ ఒక్కరిదే అనకూడదు."

"ఎవరీవిడ? ఇంజనీరా?"

ఆకిమ్ పిన్ని అప్పుడే డబ్బాలు మోసుకుంటూ లోపలికొచ్చింది. "నా పేరేంటి అక్కడ? నేనేం చేశాను? తమ్ముడూ, మళ్ళీ ఏం పెట్టావు నా నెత్తిన?" విషయం చెప్తే నమ్మలేదు. "దీనికి డబ్బులొస్తాయా?"

"రావు అక్కా."

"మరి ఏమొస్తుంది?"

"ఇది మీది కాదని ఎవడూ అనలేడు."

పిన్ని ఆ కరపత్రం మడిచి జేబులో పెట్టుకుంది. తర్వాత విట్‌కోమ్ డబ్బాలో రెండో గుడ్డు పెట్టింది, గు గారి డబ్బాలో ఉన్న గుడ్డు తీసి జువాంగ్ గారి డబ్బాలో వేసింది. రెండు నెలలకు అమెరికా నుంచి పల్చటి కవరు వచ్చింది, మా మీద పెట్టిన అభ్యంతరం ఎత్తేస్తున్నామని. మరుసటేడు జెనీవా పుస్తకంలో వాన మెట్టు అందరి ప్రమాణంగా చేరింది. అందులో ఎవరి పేరూ లేదు. పిన్ని మాత్రం కరపత్రాన్ని అద్దం కట్టించి గల్లాపెట్టె పైన వేలాడదీసింది.

ఆ పల్చటి కవరు వచ్చిన రోజు నేను జువాంగ్ గారి నాలుగు నోటుబుక్కులూ అడిగి తీసుకుని, భోజనం మానేసి చదివాను. ఆయన పేరు ఒక్క పేజీ పైన కూడా లేదు. టంకం పెట్టే అమ్మాయిలవి ఉన్నాయి, పోస్టుమాన్‌ది ఉంది, పళ్ళ డాక్టరుది ఉంది. మూడో బుక్కులో ఒక పేజీ దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. "ఆలోచన: డెంగ్ షు-లాన్. ఎర్రదారం, పచ్చదారం." తేదీ ఆ విందుకు అయిదు నెలల ముందుది. కింద సాక్షిగా దర్జాగా పెద్ద ఎర్ర ముద్ర: ఫాంగ్. చదివాను, అర్థమైంది.

ఆ పేజీ తెరిచి తీసుకెళ్ళి బాస్ బల్ల మీద పెట్టాను. ఆయన చెవులు సిరా రంగుకి తిరిగాయి. "స్నానం... నేను అన్నది వేరే స్నానం అయ్యుంటుంది," అని గొణిగాడు. ఆ ఏడాది విందులో గ్లాసెత్తి నా పేరు చెప్పాడు. ఆ కోడిముక్క ఈసారి హాయిగా దిగింది.

అయినా నాకు తృప్తి తీరలేదు. మూడు రోజులు మాట్లాడకుండా ఉన్నది ఆ మనిషితోనా అని సిగ్గేసింది. ఒక కొత్త పేజీ తీసి నేనే రాశాను: "ఎవరి ఆలోచనా పోకుండా చూసే పద్ధతి. ఆలోచన: జువాంగ్ జిన్-షుయి." తేదీ వేశాను. ముప్పై మందిమీ వరుసగా ముద్రలు కొట్టాం. ఆకిమ్ పిన్ని పైకొచ్చి తనదీ కొట్టింది. పేజీ ఆయన ముందు పెట్టాను.

జువాంగ్ గారు చాలాసేపు చూశారు. కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ చూశారు. ఏడుస్తారేమో అని అందరం భయపడ్డాం.

"అమ్మాయ్," అన్నారు చివరికి, "తేదీ తప్పు."

రోజంతా ఇంగ్లిషు ఉత్తరాలు రాసే చెయ్యి కదా, 81 అని వేయాల్సిన చోట 1992 అని వేశాను.

"కొట్టేసి సరిగ్గా వెయ్యి. దిద్దిన చోట అందరూ మళ్ళీ ముద్ర కొట్టాలి."

మూలుగుతూ, తిట్టుకుంటూ అందరం మళ్ళీ వరుస కట్టాం. ముందు నిలబడింది బాస్. ముద్ర సిరాలో అద్ది, కాగితం మీదకు తెచ్చి, ఆగాడు. జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, పేజీ అంతా మొదటినుంచి చివరిదాకా చదివాడు.